క్రోమియం ఆర్సెనైడ్ నిరోధం: పీడనాన్ని పైనుంచి కిందికి ఎందుకు కొలవాలి

గది ఉష్ణోగ్రతలో క్రోమియం ఆర్సెనైడ్ మామూలు లోహమే. సాధారణ పీడనంలో చల్లబరిస్తే దాదాపు 265 కెల్విన్ దగ్గర ఒక్కసారిగా హెలికల్ అయస్కాంత క్రమంలోకి (పరమాణువుల అయస్కాంత దిశలు మెలికలుగా తిరిగే అమరికలోకి) మారుతుంది. ఆ మార్పుతో స్ఫటికం ఒక అక్షం వెంట 3 శాతానికి పైగా సాగుతుంది, ఘనపరిమాణం సుమారు 2 శాతం పెరుగుతుంది. 2014లో బీజింగ్, కోబె పరిశోధకులు విడివిడిగా చూపిన విషయం ఏమిటంటే, 0.8 గిగాపాస్కల్ దగ్గర ఈ అయస్కాంత క్రమం పూర్తిగా పోయి, 2 కెల్విన్ ప్రాంతంలో అతివాహకత (నిరోధం పూర్తిగా సున్నా అయ్యే స్థితి) వస్తుంది.

పీడనం ఒక గిగాపాస్కల్ చుట్టూ, ఉష్ణోగ్రత పంప్ చేసిన ద్రవ హీలియంకు అందేంత. పిస్టన్ సిలిండర్ సెల్ (పిస్టన్‌తో నొక్కి పీడనం పుట్టించే మందపాటి లోహపు గొట్టం) ఉన్న ల్యాబ్‌కు ఇది అలవాటైన పనిలా కనిపిస్తుంది. అందుకే చాలామంది అలవాటుగానే మొదలుపెడతారు: సున్నా పీడనంలో ఒకసారి కొలిచి, మెల్లగా పెంచుకుంటూ పోతారు. ఈ పదార్థం విషయంలో ఆ వరుసే తప్పు. మొదటి చల్లబరుపులోనే శాంపిల్ పగులుతుంది. ఆ తర్వాత వచ్చే నిరోధంలో పదార్థం వాటా ఎంతో, పగులు వాటా ఎంతో విడదీయలేం.

ఈ కేసులో అనుకున్న పని: 0.2 నుంచి 1.1 గిగాపాస్కల్ వరకు, 300 కెల్విన్ నుంచి 1.4 కెల్విన్ వరకు నాలుగు లీడ్లతో (రెండు కరెంటుకు, రెండు వోల్టేజికి) నిరోధం కొలిచి, అయస్కాంత పరివర్తన ఉష్ణోగ్రత, అతివాహక ఉష్ణోగ్రత పీడనంతో ఎలా మారుతున్నాయో గీయడం.

సెల్, లోపలి సరుకు

బెరీలియం కాపర్ సెల్, లోపలి రంధ్రం 6 మిల్లీమీటర్లు, టంగ్‌స్టన్ కార్బైడ్ పిస్టన్. ఈ పీడనానికి నికెల్ క్రోమియం అల్యూమినియం లోపలి గొట్టం తప్పనిసరి కాదు, ఉంటే సిలిండర్ ఎక్కువ కాలం నిలుస్తుంది. రంధ్రం వైశాల్యం 28.3 చదరపు మిల్లీమీటర్లు కాబట్టి 1.2 గిగాపాస్కల్‌కు 34 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 3.5 టన్నుల బలం కావాలి. ఘర్షణకు పోయేది దీనికి అదనం, కాబట్టి ప్రెస్ గేజ్ 3.8 నుంచి 4 టన్నుల వరకు చూపినా కంగారు పడనక్కర్లేదు. గేజ్ అంకెను పీడనంగా రాసుకోవడం మాత్రం కూడదు.

పీడన మాధ్యమం, అంటే శాంపిల్ చుట్టూ నింపే ద్రవం, డాఫ్నే 7373 అనే నూనె. గది ఉష్ణోగ్రతలో ఇది 2.2 గిగాపాస్కల్ వరకు ద్రవంగానే ఉంటుంది కనుక లోడ్ చేసేటప్పుడు శాంపిల్ మీద కోత ఒత్తిడి పడదు. ఫ్లోరినర్ట్ 70, 77 అనే ద్రవాల 1:1 మిశ్రమం ఒక గిగాపాస్కల్ లోపే గట్టిపడుతుంది. ఇంత పెళుసు స్ఫటికానికి అది పనికిరాదు.

ఫీడ్‌త్రూలో (తీగలను సెల్ లోపలికి తెచ్చే బిరడాలో) 0.1 మిల్లీమీటర్ ఎనామెల్ రాగి తీగలు పన్నెండు, జంటలుగా మెలిపెట్టినవి. నాలుగు శాంపిల్‌కు, నాలుగు సీసానికి, నాలుగు మాంగనిన్ అనే మిశ్రలోహపు తీగకు. చివరి రెండూ లోపలి పీడనాన్ని చెప్పే కొలమానాలు. సీసం, మాంగనిన్ రెండింటికీ ఒకే కరెంటు సిరీస్‌లో ఇస్తే రెండు తీగలు మిగులుతాయి. కానీ ఆ దారిలో ఒక్క తీగ తెగితే రెండు పీడన కొలమానాలూ ఒకేసారి పోతాయి. రంధ్రంలో చోటుంటే పన్నెండే మేలు.

ఫీడ్‌త్రూ రంధ్రాన్ని నింపేది నల్ల స్టైకాస్ట్ 2850 అనే ఎపాక్సీ జిగురు, దాన్ని గట్టిపరిచే కెటలిస్ట్ 9తో. వంద గ్రాములకు 3.5 గ్రాములు, తూకం వేసి కలపాలి, కంటి అంచనా వద్దు. వాక్యూమ్‌లో గాలి బుడగలు పోయాక పోసి, ఒక రోజంతా కదపకుండా ఉంచాలి. ఫీడ్‌త్రూ లీకుల్లో చాలావాటికి మూలం మిగిలిపోయిన బుడగ, లేదా నూనె జిడ్డు పోని తీగ. తీగలను అసిటోన్‌తో తుడవడానికి బద్ధకిస్తే, ఒక గిగాపాస్కల్ దగ్గర సెల్ అడుగున నూనె చెమర్చినప్పుడు గుర్తొస్తుంది. జిగురు పట్టడానికి రంధ్రాన్ని గరుకు చేయాలంటే తడిగా మాత్రమే రుద్దాలి. బెరీలియం ధూళి ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం.

శాంపిల్, నూనె ఉండే టెఫ్లాన్ క్యాప్సూల్ రెండు చివరలా లోహపు సీల్ రింగులు పెట్టాలి. లేకపోతే టెఫ్లాన్ పిస్టన్ పక్క సందుల్లోకి పాకుతుంది. 0.5 గిగాపాస్కల్ దాటాక టెఫ్లాన్ స్ఫటిక రూపమే మారి కుంచించుకుంటుంది, అక్కడ పిస్టన్ కాస్త ఎక్కువ దిగితే లీకని భయపడొద్దు. మాంగనిన్ ఏం చెబుతుందో చూడాలి.

శాంపిల్: తగరం సంగతి ముందే తేల్చుకోవాలి

ఈ స్ఫటికాలను కరిగిన తగరంలో పెంచుతారు. చేతికి వచ్చేవి సూదుల్లా ఉంటాయి. ఒంటి మీద తగరం పొర, సందుల్లో తగరం చుక్కలు మిగిలే ఉంటాయి. తగరం 3.72 కెల్విన్‌లో అతివాహకం అవుతుంది, ఒక్కో గిగాపాస్కల్‌కు సుమారు 0.48 కెల్విన్ తగ్గుతుంది. కాబట్టి ఒక గిగాపాస్కల్‌లో 3.2 కెల్విన్ చుట్టూ నిరోధంలో చిన్న దిగుడు కనిపిస్తే అది కొత్త అతివాహకత కాదు, తగరం. నిర్ధారణ సులువు: 50 మిల్లీటెస్లా క్షేత్రం పెట్టండి. తగరం క్రిటికల్ క్షేత్రం (అతివాహకతను చెరిపేసే క్షేత్రం) సున్నా కెల్విన్‌లో కూడా 30.5 మిల్లీటెస్లానే కాబట్టి ఆ దిగుడు పూర్తిగా పోతుంది. 2 కెల్విన్ దగ్గరి అసలు దిగుడు ఆ కాస్త క్షేత్రానికి చెక్కుచెదరదు.

ఇదే కారణంగా ఇక్కడ తగరాన్ని పీడన కొలమానంగా పెట్టకూడదు. కొలమానం, మలినం ఒకే లోహమైతే ఏ దిగుడు ఎవరిదో చెప్పలేం. ఇండియం కాంటాక్టులు కూడా వద్దు, అదీ 3.4 కెల్విన్‌లో అతివాహకమే. తగరం సీసం సోల్డర్ సీసానికి దగ్గరలోనే మారుతుంది కనుక దాన్ని సెల్ లోపలికే రానివ్వకూడదు.

ఆర్సెనిక్ ఉన్న పదార్థం కాబట్టి పొడి రుద్దుడు లేదు, చేతికి గ్లవ్స్ తప్పదు. మిగిలిన తగరాన్ని పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో తీయాలంటే ఫ్యూమ్ హుడ్‌లో మాత్రమే. ఆర్సెనైడ్ మీద ఆమ్లం అంటే ఆర్సీన్ వాయువు ముప్పు, అది వాసనతో ముందే హెచ్చరిస్తుందన్న నమ్మకం పెట్టుకోరాదు.

సూది మందం 0.1 మిల్లీమీటర్, వెడల్పు 0.1, వోల్టేజి కాంటాక్టుల మధ్య 1 మిల్లీమీటర్ అనుకుందాం. నిరోధకత 100 మైక్రో ఓమ్ సెంటీమీటర్ ఉన్నప్పుడు నిరోధం 0.1 ఓమ్. అది 1 మైక్రో ఓమ్ సెంటీమీటర్‌కు దిగితే ఒక మిల్లీ ఓమ్. ఒక మిల్లీ ఆంపియర్ కరెంటుకు ఒక మైక్రో వోల్ట్ వస్తుంది, అంటే లాక్ ఇన్‌తో (ఒకే ఫ్రీక్వెన్సీ సంకేతాన్ని ఏరి చదివే పరికరంతో) ఒక నానోవోల్ట్ చదవగలిగితే వెయ్యిలో ఒక వంతు కచ్చితత్వం. అంతకన్నా లావు సూది తీసుకుంటే సిగ్నల్ పోతుంది. మరీ సన్నదైతే కాంటాక్టు పెట్టేటప్పుడే విరుగుతుంది.

కాంటాక్టులకు 25 మైక్రాన్ బంగారు తీగ, స్పాట్ వెల్డ్ చేసి, మీద వెండి ఎపాక్సీ చుక్క. ఒక్కో కాంటాక్టు ఒకటి రెండు ఓమ్‌లకు మించకూడదు. తీగను బిగుతుగా లాగి కట్టకూడదు. ప్రతి తీగలో చిన్న వంపు వదలాలి. శాంపిల్ తీగల మీద వేలాడుతూ ద్రవంలో తేలాలే తప్ప దేనికీ అతికించరాదు. వార్నిష్‌తో ప్లేటుకు అంటించిన సూది చల్లబడేటప్పుడు రెండు వేర్వేరు సంకోచాల మధ్య నలిగి, అయస్కాంత పరివర్తన దాకా పోకుండానే పగిలిపోవచ్చు.

వరుస: ముందు పైకి, తర్వాత చల్లదనం

కీలకం ఇక్కడుంది. 300 కెల్విన్‌లో ఈ పదార్థం ఏ పీడనంలోనూ అయస్కాంత క్రమంలో ఉండదు, ఎందుకంటే అత్యధిక పరివర్తన ఉష్ణోగ్రతే 265. కాబట్టి గది ఉష్ణోగ్రతలోనే 0.8 గిగాపాస్కల్ గీతను, చల్లబడ్డాక కూడా దాని పైనే ఉండేంతగా, దాటించేసి, అప్పుడు చల్లబరిస్తే పరివర్తన అన్నదే ఎదురుకాదు. స్ఫటికం ఉబ్బదు, పగలదు. మొదటి పరుగు పగుళ్లు లేని శాంపిల్ మీద, శుభ్రమైన అతివాహక దిగుడుతో ముగుస్తుంది. ఆపైన గదిలోనే పీడనం మెట్టుమెట్టుగా దించుతూ, ప్రతి మెట్టులో చల్లబరచాలి. అలా దిగుతూ పోతే పరివర్తనను దాటే పరుగులు చివర్లో వస్తాయి, అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఆఖరి పరుగుకే.

మామూలుగా పిస్టన్ సిలిండర్ పనిలో పీడనం దించుతూ కొలవడం ఎవరికీ ఇష్టం ఉండదు. పిస్టన్ ఘర్షణ ఎదురు దిక్కుకు మారుతుంది కాబట్టి ప్రెస్ బలం తగ్గించినా లోపలి పీడనం కొంతసేపు కదలదు, తర్వాత ఒక్కసారిగా జారుతుంది. సీల్ కూడా దిగేటప్పుడే ఎక్కువ లీకవుతుంది. అయినా లోపల మాంగనిన్, సీసం ఉన్నంతవరకు పీడనం ఎంతో తెలుసు కాబట్టి అది భరించదగిన ఇబ్బంది. పగిలిన శాంపిల్‌కు మాత్రం మందు లేదు.

దించే పద్ధతి: సెల్‌ను ప్రెస్‌లో పెట్టి, బిగించి ఉన్న బలం కన్నా కొంచెం ఎక్కువ ఇచ్చి, పిస్టన్‌ను పట్టి ఉంచే నట్ తేలికపడగానే దాన్ని కొద్దిగా వెనక్కు తిప్పి, ప్రెస్‌ను మెల్లగా వదలాలి. మాంగనిన్ అంకె కదిలేదాకా ఓపిక పట్టాలి. బిగించాక అరగంట నుంచి గంట ఆగి, అంకె నిలకడగా ఉందని చూశాకే క్రయోస్టాట్‌లోకి (చల్లబరిచే పాత్రలోకి) దించాలి. ఈ సమయమంతా ముందు కవచం ఉండాలి, పిస్టన్ అక్షానికి ఎదురుగా ఎవరి ముఖమూ ఉండకూడదు. ఫీడ్‌త్రూ ఊడితే తీగల కట్ట తూటాలా వస్తుంది. కార్బైడ్ పిస్టన్ పగిలితే ముక్కలైపోతుంది.

ఏ పీడనం? ఏ ఉష్ణోగ్రత దగ్గర?

పీడనం ఒక్కటే అనుకోవడం ఈ కేసులో రెండో పెద్ద తప్పు. డాఫ్నే 7373 నింపిన సెల్ 300 కెల్విన్ నుంచి చల్లబడేటప్పుడు లోపలి పీడనం సుమారు 0.15 గిగాపాస్కల్ పడిపోతుంది. ఈ పతనంలో చాలా భాగం 90 కెల్విన్‌కు చేరేలోపే జరిగిపోతుంది, ఆ కింద దాదాపు మారదు. అంటే మాంగనిన్ గదిలో 0.85 చూపింది కదా, 0.8 దాటేశాం అనుకుంటే, అడుగున ఉన్నది 0.70 మాత్రమే. పరివర్తన తిరిగి వచ్చేస్తుంది. పగులూ వస్తుంది.

లెక్క కట్టి చూడండి. పరివర్తన ఉష్ణోగ్రత 265 కెల్విన్ నుంచి 0.8 గిగాపాస్కల్ లోపు సున్నాకు పోతోంది, సగటున గిగాపాస్కల్‌కు 330 కెల్విన్. పీడనంలో 0.1 తప్పు అంటే ఉష్ణోగ్రతలో 33 కెల్విన్ తప్పు. మొత్తం గ్రాఫ్ ఆకారమే మారిపోతుంది.

అందుకే రెండు కొలమానాలు. గదిలో మాంగనిన్: 50 మైక్రాన్ తీగ 10 సెంటీమీటర్లు తీసుకుంటే దాదాపు 24 ఓమ్‌లు వస్తుంది. గిగాపాస్కల్‌కు దాదాపు 2.4 శాతం పెరుగుతుంది, అంటే 0.1 గిగాపాస్కల్‌కు 0.06 ఓమ్. కొత్త తీగను 140 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి, రెండు మూడుసార్లు పీడనం ఎక్కించి దించాకే నమ్మాలి. కొత్తదాన్ని అలాగే వాడితే సున్నా అంకె జారుతూ ఉంటుంది. అడుగున సీసం: 7.2 కెల్విన్‌లో అతివాహకం, గిగాపాస్కల్‌కు సుమారు 0.365 కెల్విన్ తగ్గుతుంది. 1 గిగాపాస్కల్‌లో 6.83 దగ్గర కనిపించాలి. పుస్తకంలోని 7.2ను కాకుండా, అదే సీసం ముక్కను అదే థర్మామీటర్‌తో సెల్ మూయకముందు కొలిచిన అంకెను సున్నాగా పెట్టుకుంటే థర్మామీటర్ తప్పు చాలావరకు రద్దవుతుంది.

పరివర్తన 150 కెల్విన్ దగ్గర కనిపిస్తే అక్కడి పీడనం మాంగనిన్‌దీ కాదు, సీసానిదీ కాదు, ఈ రెంటి మధ్యది. 300 నుంచి 90 వరకు సరళరేఖగా పడిందనుకుని ఆ ఉష్ణోగ్రతకు విలువ తీసుకోవడం కనీస మర్యాద. అతివాహక ఉష్ణోగ్రతకు మాత్రం సీసం అంకెను నేరుగా వాడొచ్చు. ఒకే గ్రాఫ్‌లో రెండు గీతలూ సీసం పీడనం మీదే గీసేస్తే, గదికి దగ్గరగా ఉన్న పరివర్తన బిందువులన్నీ ఎడమవైపుకు జరిగిపోతాయి. ప్రచురిత గ్రాఫులను ఒకదాంతో ఒకటి పోల్చేటప్పుడు మొదట అడగాల్సింది ఇదే.

0.2 గిగాపాస్కల్ కింద ఈ సెల్‌తో పని పెట్టుకోకపోవడం మంచిది. గదిలో అంత తక్కువ బిగిస్తే చల్లబడేసరికి పీడనం దాదాపు సున్నా.

సీసం అబద్ధం చెప్పే సందర్భం

సూపర్‌కండక్టింగ్ మాగ్నెట్ ఉన్న క్రయోస్టాట్‌లో క్షేత్రం సున్నా అని తెర మీద కనిపించినా, కాయిల్‌లో కొన్ని మిల్లీటెస్లాలు చిక్కుకుని ఉండొచ్చు. సీసం క్రిటికల్ క్షేత్రం సున్నా కెల్విన్‌లో 80 మిల్లీటెస్లా. పరివర్తన దగ్గర దాని వాలు కెల్విన్‌కు 22 మిల్లీటెస్లా. కాబట్టి ఒక్క మిల్లీటెస్లా మిగిలితే సీసం దిగుడు 45 మిల్లీకెల్విన్ కిందికి జరుగుతుంది. పీడనంగా మారిస్తే 0.12 గిగాపాస్కల్ ఎక్కువ చూపుతుంది. పైన లెక్కగట్టిన 33 కెల్విన్ తప్పు ఇలా కూడా వస్తుంది.

ఉపాయం: క్షేత్రం వాడిన ప్రతిసారీ దాన్ని అటూ ఇటూ తగ్గుతున్న అంచెల్లో ఊపుతూ సున్నాకు తేవాలి. అనుమానం మిగిలితే సీసం దిగుడును కొద్దిపాటి ధన, రుణ క్షేత్రాల్లో కొలిచి, గరిష్ఠ ఉష్ణోగ్రత ఏ క్షేత్రం దగ్గర వస్తుందో చూడాలి. అదే అసలు సున్నా.

దిగుడు వెడల్పునూ రాసుకోవాలి. పీడనం వేర్వేరు చోట్ల వేర్వేరుగా ఉంటే సీసం దిగుడు వెడల్పవుతుంది. 10 మిల్లీకెల్విన్ వెడల్పు అంటే దాదాపు 0.03 గిగాపాస్కల్ తేడా. మొదటి పరుగులో సన్నగా ఉండి తర్వాత వెడల్పైతే, మాధ్యమం గట్టిపడే ప్రాంతంలో తొందరపడి చల్లబరిచారన్నమాట. 300 నుంచి 150 కెల్విన్ వరకు నిమిషానికి అర కెల్విన్ మించకపోవడమే క్షేమం.

చదివేటప్పుడు

లాక్ ఇన్ ఫ్రీక్వెన్సీ 13 లేదా 17 హెర్ట్జ్ చుట్టూ, 50 హెర్ట్జ్‌కు దూరంగా. ఫేజ్ తప్పిన భాగాన్ని కూడా రికార్డు చేయాలి. పరుగు మధ్యలో అది పెరిగిందంటే ఏదో ఒక కాంటాక్టు చెడుతోంది, నిరోధం అంకె ఇంకా బాగున్నట్టే కనిపించినా సరే.

సెల్ బరువైనది, లోపలి శాంపిల్ థర్మామీటర్ కన్నా వెనకబడుతుంది. చల్లబరిచేటప్పుడు, వేడిచేసేటప్పుడు గీతలు వేర్వేరుగా వస్తాయి. అయితే ఈ పరివర్తన మొదటి తరగతిది, నిజమైన హిస్టెరిసిస్ (చల్లబడేటప్పుడు ఒక ఉష్ణోగ్రతలో, వేడెక్కేటప్పుడు మరో దానిలో మారడం) కూడా ఉంటుంది. రెంటినీ విడదీయడానికి వేగం సగానికి తగ్గించి మళ్లీ కొలవాలి. వెనకబాటు వల్ల వచ్చిన తేడా సగానికి తగ్గుతుంది, నిజమైన హిస్టెరిసిస్ తగ్గదు. సీసానికి సున్నా క్షేత్రంలో హిస్టెరిసిస్ లేదు. అక్కడ కనిపించే తేడా అంతా వెనకబాటే, నిమిషానికి 20 మిల్లీకెల్విన్‌తో వెళ్తే దాదాపు మాయమవుతుంది.

2 కెల్విన్ దగ్గర కరెంటు వేడి గురించి: కాంటాక్టు 2 ఓమ్‌లు, కరెంటు 1 మిల్లీ ఆంపియర్ అయితే ఒక్కో కాంటాక్టులో 2 మైక్రోవాట్లు. 0.3 మిల్లీ ఆంపియర్‌తో మళ్లీ కొలవండి, వేడి పదకొండో వంతుకు పడిపోతుంది. దిగుడు చోటు మారకపోతే 1 మిల్లీ ఆంపియర్ సరే. 1.8 కెల్విన్ దగ్గర ఆగిపోయే పరికరంతో ఈ పని అసంపూర్ణం. దిగుడు మొదలు కనిపిస్తుంది, సున్నా నిరోధం కనిపించకపోవచ్చు. పంప్ చేసిన హీలియం 4తో 1.4 కెల్విన్, లేదంటే హీలియం 3.

పగిలిందో లేదో ఎలా తెలుస్తుంది

మొదటిసారి లోడ్ చేసేటప్పుడే 300 కెల్విన్‌లో శాంపిల్ నిరోధాన్ని మాంగనిన్ పీడనానికి ఎదురుగా గీసి ఉంచాలి. పీడనం దించుతూ వచ్చేటప్పుడు శాంపిల్ ఆ గీత మీదే వెనక్కు నడవాలి. చల్లబరిచి, తిరిగి గదికి తెచ్చాక నిరోధం 0.100 నుంచి 0.106 ఓమ్‌కు పెరిగి, మాంగనిన్ మాత్రం కదలకపోతే పగులు వచ్చిందనే. చల్లబరిచేటప్పుడు పరివర్తన దగ్గర మెట్టుతో పాటు సూదిమొనల్లాంటి చిన్న గెంతులు కనిపించినా అదే.

పగిలిన శాంపిల్ డేటా అంతా పారేయక్కర్లేదు. పరివర్తన ఉష్ణోగ్రత, అతివాహక ఉష్ణోగ్రత ఇంకా నమ్మదగినవే. అవశేష నిరోధకత, ఉష్ణోగ్రత వర్గంతో పెరిగే గుణకం మాత్రం నమ్మకూడదు. పగులు కరెంటు దారిని మార్చేస్తుంది, జ్యామితి గుణకం మొదట్లో కొలిచినది కాదు. గదిలోని పాత విలువతో భాగించి సరిచేశామని కొందరు అంటారు. పగుళ్లు ఉష్ణోగ్రతతో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే ఆ సవరణకు అర్థం లేదు.

0.8 కింద కూడా, దాదాపు 0.3 గిగాపాస్కల్ నుంచే, నిరోధంలో అతివాహక దిగుడు కనిపిస్తుంది. ఒక్కోసారి సున్నా దాకా పోతుంది. అది చూసి పదార్థమంతా అతివాహకమైందని రాయకూడదు. నిరోధానికి ఒక చివర నుంచి మరో చివర దాకా ఒక్క దారి దొరికితే చాలు. ఈ మధ్య ప్రాంతంలో అయస్కాంత భాగాలు, అతివాహక భాగాలు వేరువేరుగా పక్కపక్కన ఉంటాయని 2015 నాటి మ్యూఆన్ కణాల కొలతలు చూపాయి. ఎంత భాగం అతివాహకమో నిరోధంతో తేలదు. అదే సెల్‌లో శాంపిల్ చుట్టూ చిన్న కాయిల్ పెట్టి ఏసీ ససెప్టిబిలిటీ (మారే అయస్కాంత క్షేత్రానికి శాంపిల్ స్పందన) కొలవాలి, దానికి మరో నాలుగు తీగలు కావాలి. ఫీడ్‌త్రూ రంధ్రం డ్రిల్ చేసేముందే దీన్ని తేల్చుకోవాలి.